కోల్డ్ స్టోరేజీలో ఎర్ర కారు

2022 మే నెల. రోహిణి కార్తె ఇంకా రాకముందే గుంటూరులో రోళ్లు పగిలే ఎండ కాస్తోంది. ఊరు దాటి చిలకలూరిపేట వైపు వెళ్తుంటే హైవే పక్కన నా వర్క్‌షాపు ఉంటుంది. నేను బాగుచేసేవి పెర్ఫార్మెన్స్ కార్లు. అంటే దర్జా కోసమో, పదిమంది పట్టడం కోసమో కాకుండా నడపడంలో ఉన్న మజా కోసం తయారుచేసిన బండ్లు. ఇంజను బలం ఎక్కువ, బ్రేకులు గట్టివి, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. చెన్నైలో ఒక షోరూములో చాలాకాలం ఈ పనే చేసి, సొంత ఊళ్లో షెడ్డు వేసుకుంటానంటే మా వాళ్లంతా నవ్వారు. పత్తి, మిరప పండే నేల మీద అలాంటి బండ్లు ఎవరు కొంటార్రా మస్తానూ అన్నారు. కొంటారు. మిరపకి రేటు పలికిన ఏడాది మావాళ్లు ఏదైనా కొంటారు. కొన్న తర్వాత దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు, నా గొడవంతా అక్కడే.

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి నా దగ్గరికొచ్చే కస్టమర్లందరికీ తెలుసు, అయినా వస్తారు. పూర్ణయ్య గారు కూడా అలాగే ఫోన్ చేశారు. ఆయన మిర్చి యార్డులో పేరున్న కమీషన్ వ్యాపారి, అరవై దాటిన మనిషి. బండి స్టార్టవడం లేదు, ఒకసారి రమ్మన్నారు. ఇంటికా అంటే కాదు, కోల్డ్ స్టోరేజీకి రమ్మన్నారు. పనిమీద అక్కడికి వెళ్లి ఇరుక్కున్నారేమో అనుకున్నాను.

మా వైపు కోల్డ్ స్టోరేజీని అందరూ ఏసీ అనే అంటారు. పంట చేతికొచ్చినప్పుడు రేటు పడిపోతుంది కాబట్టి మిరప టిక్కీలు, అంటే బస్తాలు, ఆ చల్లటి గదుల్లో పేర్చి రేటు కోసం కాచుకుంటారు. అక్కడైతే కాయ రంగు పోదు, పురుగు పట్టదు. పూర్ణయ్య గారికి ఆ ఏసీలో వాటా ఉంది. కింది అంతస్తులో ఒక చిన్న గది తలుపు తీయించి లోపలికి తీసుకెళ్లారు. ఒళ్లు జిల్లుమంది. చుట్టూ మిరప వాసన. మధ్యలో తెల్ల గుడ్డ కప్పుకుని ఎర్ర కారు.

గుడ్డ ఎత్తి చూశాను. ఎన్నాళ్లయిందని అడిగితే కొన్నప్పట్నుంచీ ఇక్కడేనన్నారు. షోరూము నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఇక్కడికి, అంతే అది తిరిగింది. చుట్టాలొచ్చినప్పుడు బయటికి తీసి చూపించడం, మళ్లీ లోపల పెట్టడం.

"ఎండకి రంగు పోతుంది కదయ్యా" అన్నారు.

"రంగు పోవడానికి ఇదేమన్నా తేజ రకం మిరపకాయా అండీ?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఓపిగ్గా విషయం చెప్పారు. చేత్తో గేర్లు మార్చే ఇలాంటి పెట్రోలు బండి ఇక రాదట, కంపెనీ వాళ్లు చేయడం ఆపేశారట. కొన్నాళ్లు దాచిపెడితే కొన్నదానికి రెట్టింపు పలుకుతుందని హైదరాబాదులో ఎవరో చెప్పారట. "సరుకు ఆగితేనే రేటు, మస్తానూ" అన్నారు. పాపం, ఆయన బతుకంతా నేర్చుకున్న విద్య అది. దాన్ని కారు మీద కూడా ప్రయోగించారు.

బండిని బయటికి తోయించాను. ఎండలోకి రాగానే దాని ఒళ్లంతా నీళ్లు పట్టేసింది. దీన్నే కండెన్సేషన్ అంటాం, చల్లటి మజ్జిగ గ్లాసుకి బయట చెమట పట్టడం లాంటిది. పైన పట్టిందైతే తుడిస్తే పోతుంది. లోపల వైర్ల కనెక్టర్లలో పట్టిందాన్ని ఎవరు తుడుస్తారు? చుట్టాలొచ్చిన ప్రతిసారీ ఇదే జరిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అలాగే అయింది. పూర్ణయ్య గారు తన కండువాతో బానెట్టు తుడుస్తూ ఉంటే నేను వేరే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేసి, ఆయన వచ్చి పక్క సీట్లో కూర్చోగానే బ్లోయరు వేశాను. లోపల చేరిన మిరప ఘాటంతా ఒక్కసారిగా మా మొహాల మీదికి కొట్టింది. ఇద్దరం చెరో తలుపూ తీసుకుని బయటపడి, కళ్లూ ముక్కూ కారుతూ దగ్గుతూ నిలబడ్డాం. ఆయనకి నవ్వొచ్చింది. నాకు మాత్రం రాలేదు.

బండిని షెడ్డుకి చేర్చాను. బ్రేకు డిస్కులు తుప్పు పట్టాయి. కదలకుండా ఒకేచోట నిలబడి టైర్లకి ఫ్లాట్ స్పాట్లు వచ్చాయి, అంటే నేలకానిన చోట అణిగిపోయి గుండ్రదనం పోయింది. వైరింగ్ కనెక్టర్లు చిలుము పట్టి పచ్చబారాయి. పని నడిచినన్నాళ్లూ ఆయన రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. గీత పడకుండా చూడవయ్యా అని ఒకటే జపం. కానీ నేను అటు తిరగ్గానే డ్రైవరు సీట్లో కూర్చుని గేరు రాడ్డు మీద చెయ్యి వేసుకుని ఉండేవారు. వయసులో ఉండగా పత్తి లారీని తానే నడుపుకుంటూ చిలకలూరిపేటలో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులకి వెళ్లేవాణ్ణని ఒకరోజు చెప్పారు. డ్రైవరు ఉన్నా పక్కన కూర్చోబెట్టి తానే తోలేవారట. ఆ మాట చెప్తున్నప్పుడు మనిషి వెలిగిపోయాడు.

పని అయిపోయాక, ఒంగోలు దాకా వెళ్లి రండి, బండి కుదురుకుంటుంది అన్నాను. ఆయన అడ్డంగా తలూపారు. కిలోమీటర్లు ఎక్కితే రేటు పడిపోద్దన్నారు. మళ్లీ ఏసీకే పంపమన్నారు. నాకు తిక్కరేగింది. ఇది మళ్లీ ఆ గదిలోకి వెళ్లేటట్టయితే ఇంకో మెకానిక్కుని వెతుక్కోండి, చేసిన పని కళ్లెదుట పాడైపోతుంటే చూడ్డం నావల్ల కాదని చెప్పేశాను. ఆయన లేచి వెళ్లిపోయారు.

మర్నాడు ఆయన భార్య సామ్రాజ్యం గారు ఆటోలో ఒక్కరే వచ్చారు. బండి కోసం వచ్చారేమో, నాలుగు తిట్టి తీసుకుపోతారేమో అనుకున్నాను. ఆవిడ కూర్చుని, కాసిని మంచినీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పారు.

"ఆయన నీకు చెప్పడు నాయనా, ఎవరికీ చెప్పడు. కంట్లో నీటికాసులంట. పక్క చూపు తగ్గిపోతా వస్తోంది. పోయింది మళ్లీ రాదంట. ఇప్పటికైతే పగలు నడపొచ్చన్నాడు డాక్టరు, ఎన్నాళ్లని మాత్రం చెప్పలేనన్నాడు. ఆ బండి తెచ్చిన రోజున షోరూము నుంచి ఇంటిదాకా నవ్వుతానే ఉన్నాడు. పెళ్లైన కొత్తల్లో చూశాను ఆ నవ్వు. రేటు రాకపోతే పోయింది, ఆయన దాన్ని నడపాలయ్యా."

చూపు సరిగా లేని మనిషి చేతికి అలాంటి బండి ఇవ్వొచ్చా అని భయం వేసింది. ఆవిడ చేతే డాక్టరుకి ఫోన్ చేయించి నేనే మాట్లాడాను. పగటిపూట నడపడానికి ఇప్పుడు ఇబ్బంది లేదు, పరీక్షలకి మాత్రం తప్పకుండా రావాలి, ఆపమన్నప్పుడు ఆపాలి అన్నాడాయన. అది చాలనుకుని యార్డుకి వెళ్లాను. టిక్కీల మధ్య నిలబడి ఎవరితోనో బేరం ఆడుతున్న పూర్ణయ్య గారిని పక్కకి పిలిచాను.

"బండికి ధర పెరుగుతుందండీ, కాదనను. అది పెరిగేలోపు మీ చూపు తరుగుతుంది. రెండూ కాటా మీద పెట్టి మీరే తూచుకోండి" అన్నాను.

భార్య చెప్పిందని ఆయనకి అర్థమైంది. అంత పెద్ద వ్యాపారి, కండువా చివర నలుపుతూ నిలబడితే నాకే ఏడుపొచ్చింది. చివరికి, "ఆదివారం పొద్దున్నే రా. పక్కన కూర్చో" అన్నారు.

ఆ ఆదివారం ఆయన హైవే మీద ఒక పత్తి లారీ వెనక చేరి, దాన్ని దాటకుండా చిలకలూరిపేట దాకా పోయారు. దూది పింజలు ఎగిరొచ్చి అద్దం మీద పడుతున్నాయి. నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. అద్దంకి ఊరి వైపు వెళ్లే రోడ్డెక్కి దారి ఖాళీ అయ్యాక ఇక ఆగలేక, గేరు ఒకటి తగ్గించి తొక్కండి అన్నాను. తొక్కారు. ఇంజను ఖంగుమని గొంతు విప్పింది. మలుపులో బండి రోడ్డుకి అతుక్కుని తిరిగింది. గట్టిగా చూస్తే వేగం పెద్దదేమీ కాదు, బస్సులు కూడా పోయే వేగమే. కానీ ఆయన "అబ్బ!" అన్నారు. ఆ తర్వాత గేర్లు మారుస్తూ నవ్వుతూనే ఉన్నారు. టీ కొట్టు దగ్గర ఆపినప్పుడు బానెట్టు మీద చిన్న రాయి తగిలి పెయింటు లేచిపోయి కనిపించింది. ఆయన మొహం వాడిపోయింది. దాన్ని వేలితో రుద్దారు. కాసేపటికి, ఇంకో టీ చెప్పవయ్యా అన్నారు.

ఆ తర్వాత ఆ భార్యాభర్తలిద్దరికీ ఆదివారాలు రోడ్డు మీదే గడిచాయి. చీరాల వెళ్లి చేపల పులుసు తిన్నామని ఒకసారి, పిడుగురాళ్ల దగ్గర సున్నం దుమ్ముకి ఎర్ర బండి తెల్లబడిందని ఒకసారి ఫోన్ చేసి చెప్పేవారు. దోర్నాల ఘాట్ రోడ్డులో మలుపులు తిరిగొచ్చిన రోజున అరగంట వదల్లేదు నన్ను, ఏ మలుపులో ఏ గేరు వేశారో అన్నీ చెప్పారు. కంటి పరీక్షలకి తప్పకుండా వెళ్లేవారు. సర్వీసుకి తెచ్చినప్పుడు చూస్తే టైర్లు చక్కగా అరిగి ఉండేవి, లోపల సీటు కింద సామ్రాజ్యం గారి జంతికల ముక్కలు దొరికేవి. ఏంటండీ ఇది అంటే, తినకుండా ఎట్లా కూర్చుంటాం అని దబాయించేవారు.

2025 మొదట్లో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. చిలకలూరిపేట దాటి రోడ్డు పక్కన ఉన్నాం, వచ్చి బండి తీసుకెళ్లు అన్నారు. పాడైందా అంటే లేదన్నారు. వెళ్లేసరికి ఇద్దరూ బండి దిగి వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నారు.

"ఎడం పక్క మోపెడ్ మీద మనిషి ఉన్నాడంట. ఈవిడ చెప్తే బ్రేకు వేశాను. నాకైతే అక్కడ ఖాళీ రోడ్డే కనబడింది, మస్తానూ" అన్నారు.

ఎవరికీ ఏమీ కాలేదు. తాళాలు నా చేతిలో పెట్టారు. డాక్టరు ఇంకా ఆపమనలేదు, తర్వాతి పరీక్షకి టైముంది. ఆయన దాని కోసం ఆగలేదు. ఇంటికి నేనే తోలుకొచ్చాను. దారిలో సామ్రాజ్యం గారు వెనక సీట్లోంచి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ బండీ నడపలేదు.

బండిని నడిపేవాడికే అమ్మిపెట్టమన్నారు. నరసరావుపేట నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఓడోమీటర్, అంటే బండి ఎంత తిరిగిందో చూపే మీటరు, చూసి పెదవి విరిచాడు. బానెట్టు మీద రాళ్ల దెబ్బలు లెక్కపెట్టాడు. ఇంతలా తిప్పారేంటండీ, దాచి ఉంటే మంచి రేటు పలికేది, చాలా తగ్గించాలి అన్నాడు. నేను నోరు తెరవబోయాను. పూర్ణయ్య గారు చేత్తో ఆపారు.

"తగ్గించుకో నాయనా. ఆ తగ్గిందంతా నేనూ ఈవిడా తినేశాం" అన్నారు.

ఆ మాటకి సామ్రాజ్యం గారు నవ్వుతూ కళ్లొత్తుకున్నారు. కుర్రాడికి ఏమర్థమైందో కానీ ఆ తర్వాత బేరం ఆడలేదు. ఇప్పుడు ఎవరైనా గుడ్డ కప్పిన బండి తెచ్చి దీనికి రేటెంత పలుకుతుందని అడిగితే, నేను రేటు చెప్పను. ముందు మీరు ఎక్కడెక్కడ తిరిగొచ్చారో చెప్పండి అంటాను. చాలామంది దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.