ఐదో చుక్క

ఒక గదిలో ఇద్దరే ఉన్నప్పుడు మూడో మనిషి ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తే, మీరు ముందుగా దేన్ని అనుమానిస్తారు? మీ చెవినా, పక్కనున్న మనిషినా, ఇంతకాలం నమ్మిన సిద్ధాంతాన్నా?

నేను దయ్యాలను నమ్మినదాన్ని కాను. కాలేజీ డిబేట్లలో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మాట్లాడి కప్పులు తెచ్చుకున్నాను. అనుభవం సాక్ష్యం కాదని, పరీక్షకు నిలిచినదే సాక్ష్యమని వాదించి ఎదుటి జట్ల నోళ్ళు మూయించాను. కనుక, ఇక్కడ నాకు వ్యతిరేకంగా పనికొచ్చే వివరాలను కూడా దాచను.

మాది ఆమదాలవలస. విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ గ్రంథాలయంలో పనిచేసే షమీమ్ అక్కతో చనువు ఏర్పడింది. ఆవిడ తండ్రి ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, సమాధి రాళ్ళ మీద చెక్కడానికి అరబ్బీ అక్షరాలు రాసిచ్చే పని ఒక్కటే మిగిలింది. అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ఆయన భార్య జైబున్ గారు కోవిడ్ రెండో అలలో, ఆసుపత్రి వరండాలో, ఊపిరి అందక చనిపోయారు. ఊళ్ళో అందరి రాళ్ళకూ పేర్లు రాసిన మనిషి భార్య సమాధికి మాత్రం పేరు లేదు. ఆ దుఃఖంతోపాటే ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. కంప్యూటర్‌లో అక్షరాలు తీసి చెక్కిద్దామంటే ఒప్పుకోలేదు.

"ఆ పేరొక్కటి రాయడం నేర్సుకోవే," అంది అక్క. "ఇద్దరు ముగ్గురొచ్చారు, వారం తిరక్కుండా పారిపోయారు. నాన్న ఒంట్లో బాగోలేదు. ఆయన కూడా పోతే అమ్మ పేరు ఎలాగుండాలో సెప్పేవోళ్ళుండరు."

లిపికి మతం లేదని వేదికల మీద వాదించినదాన్ని. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

రోజూ మధ్యాహ్నం తరగతులయ్యాక వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. మాస్టారు రెల్లు కాడను ఏటవాలుగా కోసి కలం చేసి ఇచ్చారు. దాని మొనను కాగితం మీద ఒకసారి అద్దితే నాలుగు మూలల చుక్క పడుతుంది. ప్రతి అక్షరం పొడవునూ వంపునూ ఆ చుక్కలతోనే కొలుస్తారు. నెల రోజులు నిలువు గీత ఒక్కటే రాయించారు. పైనుంచి కిందికి, ఐదు చుక్కల పొడవు. గీత మొదలయ్యాక ఊపిరి తీయకూడదు. ఊపిరి కదిలితే చెయ్యి కదులుతుంది. కలం ఎత్తాకే వదలాలి.

"గంటసేపు మాటాడమంటే మాటాడేస్తావు. ఒక్క గీత అయ్యేదాకా నోరు మూసుకుని ఊపిరాపమంటే ఏటమ్మా అంత కష్టం?" అని ఎగతాళి చేసేవారు.

తర్వాత ఆ పేరులోని అక్షరాలు మొదలుపెట్టించారు. మొదట నేర్పింది నూన్, పేరులో చివరిది. లోతైన గిన్నెలాంటి వంపు. దాన్ని మొదటిసారి తెగకుండా పూర్తిచేసి కలం ఎత్తాను. నేనింకా ఊపిరి బిగబట్టే ఉన్నాను. నా ఎడమపక్క, మూరెడు దూరంలో, ఎవరో ఊపిరి వదిలారు. నిదానంగా, పని గట్టెక్కినట్టుగా.

మాస్టారు గుమ్మం దగ్గర వీధివైపు తిరిగి కూర్చుని ఉన్నారు. అక్క ఇంట్లో లేదు.

గాలి అనుకున్నాను. మర్నాడు ఫ్యాను ఆపి, కిటికీ మూశాను. ప్రతి గీత చివరా వినిపించింది. ఊపిరి బిగబట్టడం వల్ల చెవుల్లో పుట్టే హోరు కావచ్చనుకున్నాను. రాయకుండా, ఊరికే ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఏమీ వినిపించలేదు. ఫోన్‌లో రికార్డు చేశాను. అందులో కలం గీరుకున్న చప్పుడు, నా ఊపిరి, వీధిలో ఆటో హారన్ ఉన్నాయి. ఇంకేమీ లేదు. ఆ రికార్డు నా మాటకు వ్యతిరేకం. అందుకే చెబుతున్నాను.

అయితే ఇంకొకటి గమనించాను. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ, నావైపు వీపు పెట్టి కూర్చున్న మాస్టారి చూపుడువేలు మోకాలి మీద కొద్దిగా లేచేది. కలం చప్పుడు ఆగడాన్ని బట్టి పోల్చుకుంటున్నారేమో? ఒకనాడు కలాన్ని సిరాలో ముంచకుండా, కాగితానికి తాకించకుండా, గాలిలోనే వంపు తిప్పి ఆపాను. ఊపిరి వినిపించింది. ఆయన వేలు లేచింది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఈలోగా నా చేయి కుదిరింది. చుక్కలతో కొలిస్తే ఎక్కడా తప్పడం లేదు. జైబున్ అన్న పేరుకు ఆ లిపిలో నాలుగు అక్షరాలు. ముందు గీతలన్నీ పూర్తిచేసి, ఆ తర్వాతే పైనా కిందా ఐదు చుక్కలు పెడతారు. ఏ అక్షరమన్నది చుక్కలను బట్టే తేలుతుంది కనుక, అవి పడేదాకా అది ఎవరి పేరో చెప్పలేం. మాస్టారు నన్ను చుక్కల దాకా రానివ్వలేదు. గీతలు పూర్తయ్యేసరికి కాగితం లాగేసుకుని "మళ్ళీ రాయమ్మా" అనేవారు. వేసవి గడిచి వానలు వచ్చాయి. ఆయనకు దగ్గు ఎక్కువైంది. పేరు పూర్తయిందా అన్నట్టు అక్క రోజూ నా ముఖంలోకి చూసేది.

ఒక మధ్యాహ్నం కాగితం ఇవ్వనన్నాను. తప్పెక్కడుందో చూపించమన్నాను. ఆయన నావైపు తిరిగి కూర్చున్నారు.

"తప్పేటీ లేదు. నువ్వూ ఇంటన్నావని నాకు తెలుసు. మా ఇంటిదమ్మా అది. నేను రాసినంతసేపూ పక్కన కూకుని తనూ ఊపిరి బిగబట్టీది. కలమెత్తితే వొదిలీది. నలబై యేళ్ళు. మా మతంలో ఇలాటివి నమ్మకూడదు. నేను నమ్మను. ఇంటన్నాను, అంతే."

చుక్కలు పెట్టేస్తే పని ముగుస్తుందని, ముగిశాక ఆమె అక్కడ కూర్చోవడానికి కారణం ఉండదని ఆయన భయం.

అక్కడితో నేను ఆగవలసింది. వాదించాను. పేరు లేని సమాధి ఆమెకు జరుగుతున్న అన్యాయమన్నాను. తల్లి పేరు చూసుకునే హక్కు కూతురికి ఉందన్నాను. తన ఊరట కోసం చనిపోయిన మనిషి పేరును ఆపి ఉంచడం ప్రేమ అనిపించుకోదన్నాను. ఆ మాటల్లో తర్కదోషం నాకు ఇప్పటికీ కనిపించదు.

"నీతో నెగ్గలేనమ్మా," అన్నారాయన. "పెట్టీ."

మొదటి చుక్క పెట్టాను. ఊపిరి వినిపించింది. రెండు, మూడు, నాలుగు. ప్రతిదానికీ వినిపించింది. నూన్ గిన్నె మీద ఐదోది పెట్టి కలం ఎత్తాను. ఊపిరి వదలకుండా ఎదురుచూశాను. గుండెల్లో నొప్పి పుట్టేదాకా ఆగాను. మాస్టారి వేలు సగం లేచి అలాగే నిలిచిపోయింది.

రాయి చెక్కించి నిలబెట్టారు. అక్క ఆ పేరు మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత అదే గదిలో, అదే కలంతో, అదే పేరు ఎన్నోసార్లు రాశాను. ఏమీ లేదు. మాస్టారు ఇప్పుడు మంచం దిగడం లేదు. వెళ్ళినప్పుడల్లా రాయమంటారు. రాశాక "ఇనబడ్డాదా?" అని అడుగుతారు. లేదని చెబుతాను. అప్పటికి నా నోటే అంతా విన్న అక్క ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, "ఒక్కసారి అవునంటే నీ సొమ్మేటి పోతాదే?" అని అడిగింది. ఆ అబద్ధం నా నోట రాలేదు. అది నిజాయితీయో, పొగరో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఫోన్‌కు అందని చప్పుడు ఇద్దరు మనుషులకు ఒకేసారి ఎలా వినిపించిందో, ఇద్దరికీ ఒకే చుక్క దగ్గర ఎందుకు ఆగిపోయిందో, నా దగ్గర వివరణ లేదు.

చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఎవరైనా, పోయినవారి కోసం మొదలుపెట్టిన పనిని ముగించకుండా సాగదీస్తుంటే, కారణం అడగండి. చెప్పేదాకా ఆగండి. ఆ కారణం ఎంత అర్థం లేనిదిగా తోచినా, నెగ్గగలమని మీకు తెలిసినా, దయచేసి వాదించకండి. ఆ పనిని వాళ్ళ చేతుల్లోనే వదిలి రండి.