రాయి ఉన్నచోట మన్ను

మా చేను ఇప్పుడు చూడముచ్చటగా ఉందట. ఆదివారం వస్తే కెమెరాలు వేసుకుని కార్లలో దిగుతున్నారు. ఎర్రటి లోయ, అందులో నిలువెత్తు మట్టి స్తంభాలు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో రాయి. "ఫారిన్‌లో ఉన్నట్టుంది కదా" అని మురిసిపోతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అది లోయ కాదు, మేము వేరుశనగ వేసిన నేల.

కంబదూరు అవతల, వాలులో ఉండేది చేను. ఎండాకాలమంతా నాయన రాళ్ళేరేవాడు. రాయి లేని చేనే ఆయనకు గొప్ప. ఏరినవన్నీ గట్టు పక్కన కుప్ప పోసి, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేవాడు. "చూడప్పా, అరచెయ్యి మాదిరి ఉండాది" అనేవాడు. నడిమధ్యన ఒక బండ మాత్రం గడ్డపారకు కూడా కదలలేదు. మధ్యాహ్నం అమ్మ దానిమీదే సంగటి గంప దించేది.

మా వానల సంగతి తెలిసిందే. ఏళ్ళ తరబడి మొహం చాటేసి, వచ్చిన నాడు గంటలో కుమ్మరించి పోతాయి. పట్టి ఉంచడానికి గడ్డి వేరు లేదు, పైన కాచుకోవడానికి రాయి లేదు. నీళ్ళతో పాటే మన్నూ చేను దిగువన పారే వంకలోకి పోయింది. వంక అంచు వానవానకూ కూలుతూ మా చేలోకి ఎగబాకింది. నాయన కంటబడకుండా నేలలో దాగిన రాళ్ళు బయటపడ్డ చోట మాత్రం, వాటి కింద మన్ను కరగకుండా నిలిచింది. అమ్మ గంప దించిన బండ ఇప్పుడు నా తలకంటే ఎత్తున ఉంది.

మిగిలింది పైన ఒక ముక్క నేల. దాన్నైనా దక్కించుకోవాలని ఈ వేసవిలో నాయన కుప్పలోని రాళ్ళను మళ్ళీ చేలోకి మోస్తున్నాడు. ఈ వయసులో ఎందుకని అడిగితే, "రాయుండేకాడే మన్ను నిలబడి ఉండాది. కండ్లతో చూస్తాండా కదా" అన్నాడు.

పోయిన ఆదివారం ఆ బండ కింద, పెళ్ళి కుదిరిన జంట ఒకటి ఫోటోలు దిగుతోంది. చేతుల్లో రాయితో నాయన పైన గట్టు మీద నడుస్తుంటే ఫోటోగ్రాఫరు కేకేశాడు.

"తాతా, ఫోటోలో పడతాండావ్. రోంత పక్కకు జరుగు!"

నాయన జరిగాడు. నేను అరవబోతే కళ్ళతోనే వద్దన్నాడు. వాళ్ళ ఫోటో అయ్యేదాకా, మా చేని గట్టున, చేతిలో రాయి దించకుండా అలాగే నిలబడ్డాడు.