వదిన బుగ్గ మీది మరక

మా వదిన మొన్న ఆదివారం చర్చికి బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కోవడానికి మంచం మీద కూర్చుని అట్లే ఒరిగిపోయింది. ఎదురింట్లో ఉన్న నాకు ఆ కబురు చెప్పడానికి అందరూ వెనకాడారట. హగరి ఏటి దగ్గరి మా పల్లెలో నా భయాలు తెలియనివాళ్లు లేరు. వాన వస్తే భయం, రాకపోతే భయం. యాభై ఏండ్లు వాటన్నిటినీ విసుక్కోకుండా విన్నది మా అన్న భార్య ఒక్కతే.

ఆమెకు డెబ్బై ఎనిమిది. మిరపకాయల కోతకు పోయి పోయి నడుము వంగింది. అయినా సాయంత్రం ముఖం కడుక్కుని పౌడరు అద్దుకునేది. గడప దగ్గర పిల్లలతో గచ్చకాయలాడి, ఓడిపోయేటట్టుంటే తొండి చేసేది.

"ఈ వయసులో ఏంది వదినా ఇది?" అంటే, "వయసు మోకాళ్లకొచ్చిండాది మే, నాకు యాడొచ్చింది?" అనేది.

పోయిన ఏడాది, బెంగళూరులో బొమ్మలు గీసే ఆమె మనవరాలు అవ్వ ముఖాన్ని కంప్యూటర్లో గీసింది. ముడతలన్నీ ఉన్నాయి, నెరిసిన తలా ఉంది. కానీ ఆ కండ్లు, ఆ నవ్వు పదహారేండ్ల పిల్లవి. పదిహేను పటాలే అచ్చు వేసి, ఒక్కోదాని కింద పెన్సిలుతో నంబరు రాసింది. ఇంక వేయనని తీసుకున్నవాళ్లకు మాట ఇచ్చిందట. ఏడో నంబరు అవ్వకు తెచ్చి, అద్దం లేకుండానే గోడకు పెట్టింది.

చూసినవాళ్లంతా "ఎంత పడుచుగా ఉంది" అంటుంటే నాకు గుబులు పట్టుకుంది. మేము చర్చి నీడలో పెరిగినవాళ్లం. అయ్యగారి ముందు దిష్టి అనే మాట ఎత్తకూడదు. అయినా ఒక మధ్యాహ్నం వదిన కునుకు తీస్తుంటే, పటంలోని బుగ్గ మీద కాటుక చుక్క పెట్టాను. పెద్దదైందని తుడవబోతే మరకై పరుచుకుంది. చప్పుడు చేయకుండా ఇంటికి వచ్చేశాను. ఏడాదంతా ఆ ఊసు ఎత్తలేదు.

సోమవారం, శవపెట్టె పక్కన ఏ పటం పెట్టాలని మాట వచ్చింది. "గోడ మీదిది మరకైండాది. ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేపిస్తా" అన్నాడు పెద్దకొడుకు.

"నేను పోతే ఆ కార్డు మొగం పెట్టనీయొద్దు మే, దొంగను పట్టుకున్నట్టుండాది. మనవరాలు గీసిందే పెట్టించు" అని వదిన ఒకసారి నాతో అంది. నాతో ఒక్కదానితోనే. ఇప్పుడు నోరు తెరిస్తే నా తప్పు బయటపడుతుంది. తెరవకపోతే ఆమె మాట పోతుంది.

"ఆ పటమే పెట్టప్పా. మీ అమ్మ కోరిక అది. మరక చేసింది నేనే" అన్నాను.

మనవరాలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అవ్వకూ నాకూ ముందే తెలుసు చిన్నవ్వా. నా దగ్గరుండే పటం ఇస్తానంటే అవ్వ ఒప్పుకోల్యా. 'సుమ్నే ఉండు, ఇదే ఉండనీ. అందురూ పడుచు పడుచని నవ్విపోయినారు. నాకు నిజంగా దిష్టి తగులుతాదని నమ్మింది అదొక్కతే' అనింది."

పటాన్ని గోడ నుంచి నేనే దించాను.

వదినతో కోతలకు పోయిన ముసలివాళ్లంతా వచ్చారు. పెట్టెలోని ముఖం చూసి ఏడ్చారు. పటం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరూ ఆగి, చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుని, కొంగు సర్దుకుని కదిలారు.