మా అత్తమ్మ మొక్కిన పాత ల్యాప్‌టాప్

మా అత్తమ్మ పోయింది. ఒక పొద్దున బాల్కనీలో తన కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన టీ సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి పోయింది. నేను కొత్త ఉద్యోగంలో చేరాల్సిన సోమవారం అప్పటికి ఇంకా రాలేదు. ఆ సోమవారం కోసమే మేమిద్దరం నెలల తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూశాం. పెద్ద వయసు, పుణ్యాత్మురాలు, మంచాన పడకుండా వెళ్ళిపోయింది అని పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అంటున్నారు. తల ఊపుతున్నాను గానీ, నాకు ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపిస్తోంది. ఎవరిని కొట్టాలో తెలియక ఇది రాస్తున్నాను.

ఆమె పుట్టిందీ, మెట్టిందీ పుప్పాలగూడలోనే. మా అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టే చోట ఒకప్పుడు తాను జొన్న కోసేదాన్నని చెప్పేది. నేను కడప నుంచి ఈ నగరానికి ఉద్యోగానికి వచ్చి ఆమె కొడుకుని చేసుకున్నాను. మొదట్లో నా మాట ఆమెకు పోట్లాటలా వినిపించేది, ఆమె మాట నాకు హుకుంలా వినిపించేది. ఇద్దరికీ మీరు, గారు అలవాటు లేకపోవడంతో తొందరగానే కలిసిపోయాం. మామగారు మా పెళ్ళికి చాలా ముందే పోయారు. ఇంట్లో నేనూ, ఆమే, మధ్యలో మాట పడనివ్వని మా ఆయనా.

నిరుడు ఆమె గుండెలో ఒక వాల్వు పాడైందన్నారు. మార్చాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు డాక్టరుగారు. నా ఆఫీసు బీమాలో అత్తగారి పేరు కూడా ఉండడంతో మేం ధైర్యంగానే ఉన్నాం. ఆపరేషన్‌కి తేదీ అడుగుదామనుకుంటున్న వారంలోనే, రాయదుర్గంలోని మా ఆఫీసులో నన్ను ఒక చిన్న గదిలోకి పిలిచారు. చాలా మర్యాదగా మాట్లాడారు. ల్యాప్‌టాపూ, మెడలో కార్డూ అక్కడే పెట్టి వెళ్ళమన్నారు. జీతం పోయిందన్న బాధ మెట్రోలో కూర్చున్నాక మొదలైంది. బీమా కూడా పోయిందన్న సంగతి, తలుపు తీసిన ఆమె ముఖం చూశాక తట్టింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాను.

మా ఆయనది చిన్న కంపెనీ. అక్కడ బీమా ఉద్యోగి వరకే. సర్కారు ఖర్చుతో చేయిద్దామంటే మాకు తెల్ల కార్డు లేదు. కొత్తగా పాలసీ తీసుకుందామంటే, ఉన్న జబ్బుకి ఏళ్ళు ఆగాలన్నారు. ఫ్లాటు అమ్మేద్దామని మా ఆయన అన్నరోజు ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది.

"ఇల్లు అమ్మినవంటే నేను దవాఖాన మెట్లెక్క. గిది గుర్తువెట్టుకో" అంది కొడుకుతో. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఇంకో నౌకరి చూడు బిడ్డా. నేను ఆగుత" అంది.

ఆగుతానని ఆమె సులువుగా అనేసింది. అంటే ఆమెను బతికించాలంటే నాకు అత్తమామలకు బీమా ఇచ్చే ఉద్యోగం కావాలి, అదీ త్వరగా కావాలి. ఉద్యోగం వెతుక్కోవడానికి నా దగ్గర మిగిలింది ఇంజినీరింగ్‌లో మా నాన్న కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్. అటక మీద నుంచి దించి తుడిచాను. అది తెరుచుకునేలోపు స్నానం చేసి, తల తుడుచుకుని, టిఫిన్ కూడా తినొచ్చు. నేను బటన్ నొక్కి బాత్‌రూమ్‌కి వెళ్ళడం, ఆ సందులో ఆమె దానికి పూజ చేయడం, ఇదే మా ఇంటి పొద్దుటి పద్ధతయింది.

దసరాకి ఆయుధ పూజలో స్కూటరు, మిక్సీ, గోడకు వేలాడే కొడవలి పక్కన అటక మీద నుంచి దించిన ఈ ల్యాప్‌టాప్‌కి కూడా ప్రతి ఏడూ పసుపూ కుంకుమా పడేవి. ఉద్యోగం పోయాక అది రోజువారీ సేవ అయిపోయింది. నేను వచ్చేసరికి మూత మీద మూడు చోట్ల బొట్లు, కీబోర్డు మీద పసుపు అక్షింతలు. వాటిని ఏరుతుంటే పక్కనే నిలబడి చూసేది.

"అత్తా, లోపల పడితే పాడైపోతాది. వద్దంటే వినవే" అనేదాన్ని.

"నాకు బొట్టు లేకపాయె. పెండ్లిల్ల మనుషులకు నేను వెట్టొద్దంటరు. నీ మిషనుకేం పట్టింపు చెప్పు?" అనేది.

 నేను మళ్ళీ అక్షింతలు ఏరడంలో పడేదాన్ని.

పరీక్షలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉన్నాయి. ఇప్పుడు ఉద్యోగానికి మనిషిని చూసేముందు తెర మీద పరీక్ష పెడతారు. గడియారం తిరుగుతుంటుంది, మనం ప్రోగ్రామ్ రాయాలి. జవాబు నాకు తెలుసు. చేతులకు తెలుసు. తెర మాత్రం కదలదు. ఒక ఇంటర్వ్యూలో నోరు సగం తెరిచిన నా బొమ్మ అలాగే బిగుసుకుపోయింది, అవతల ఆయన "ఉన్నారా? వినపడుతోందా?" అని అడిగి అడిగి వెళ్ళిపోయాడు. ఇంకోసారి పరీక్ష చివర్లో, ఇంకొక్క వరస రాస్తే అయిపోతుందనగా, ల్యాప్‌టాప్ అడుగున పెనంలా వేడెక్కి దానంతటదే ఆరిపోయింది. నేను నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఎవరికైనా వినపడుతుందన్న సిగ్గు కూడా పోయింది. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. అంత దూరం నడిచినందుకే ఆయాసం. ఆ ఆయాసం వింటుంటే నా ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"పరేషాన్ గాకు. దీన్ని ఎవనికన్న చూపిద్దాం పా. మనిషికైతె దవాఖాన ఉంది గద, దీనికి లేదా?"

కొండాపూర్‌లో ఒక రిపేరు షాపు ఉంది. నువ్వు రావద్దన్నా వినకుండా నాతో వచ్చింది. ఆటో దిగి మూడు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. షాపతను గోదావరి జిల్లా మనిషి, నెమ్మదైనవాడు. కొత్తది కొనమని మాత్రం చెప్పకండి అని ముందే అన్నాను. అతను నవ్వి, ల్యాప్‌టాప్ తిరగేసి మరలు విప్పి అడుగు మూత తీశాడు. తీసి, దాన్ని మా వైపు తిప్పాడు.

లోపల ఫ్యాన్ ఎర్రగా ఉంది. రెక్కల నిండా కుంకుమ, పసుపు, దుమ్ము కలిసి ముద్దకట్టి ఉన్నాయి. గాలి పోయే సందులో పచ్చటి బియ్యపు నూకలు ఇరుక్కుని ఉన్నాయి. ఎన్ని దసరాలవో, ఎన్ని పరీక్షలవో.

"పూజ చేస్తారాండి దీనికి?" అన్నాడు అతను. "గాలాడక వేడెక్కిపోతోందండి. వేడెక్కితే అది తనంతట తనే నెమ్మదిస్తుంది."

అత్తమ్మ ముందుకు వంగి చూసింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. చిన్నబుచ్చుకుంటుందేమోనని నా భయం.

"అయ్యో! దేవుడు ఎక్కువైండు బిడ్డా" అంది.

ఇద్దరం నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్వాం. ఆమెకు నవ్వుతో దగ్గు వచ్చి, షాపతను నీళ్ళ సీసా ఇచ్చాడు. నవ్వు ఆగాక మళ్ళీ ఆ ఫ్యాన్ వైపు చూశాను. నా కోసం ఆమె మొక్కిన ప్రతి మొక్కూ అందులోనే పేరుకుని ఉంది. ఆ మొక్కులే మమ్మల్ని ముంచుతున్నాయి. ఇక ఎవరికి మొక్కాలో నాకు తోచలేదు.

అతను ఫ్యాన్ విప్పి చిన్న బ్రష్‌తో శుభ్రం చేశాడు. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. ర్యామ్ పెంచాడు. ఒక్కొక్కటీ ఏమిటో ఆమె అడుగుతూనే ఉంది, అతను విసుక్కోకుండా చెబుతూనే ఉన్నాడు. పాతదానిలో పళ్ళెం లాంటిది తిరుగుతూ వెతుక్కోవాలండి, కొత్తదానిలో తిరిగేదేం ఉండదు, అడగ్గానే ఇచ్చేస్తుందండి అన్నాడు.

"పాడైంది తీసి కొత్తది వెడితె మల్ల ఏండ్లకేండ్లు నడుస్తదా?"

"నడుస్తుందండి, ఢోకా లేదు."

"మరి మనిషికి గూడ గింతేనా?" అని అడిగింది. అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమై గోడ మీదున్న క్యాలెండర్ వైపు తిరిగాను. అప్పటిదాకా ఆపరేషన్ అంటే భయమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

వచ్చేటప్పుడు అతను ఒక మాట చెప్పాడు. "కుంకం పూర్తిగా పోదండి. లోపలెక్కడో కాస్త ఉంటుంది. ఫ్యాన్ గట్టిగా తిరిగినప్పుడు అదే బయటికొస్తుంది, కంగారుపడకండి."

మర్నాడు బటన్ నొక్కాను. తువ్వాలు అందుకునేలోపే తెర వెలిగింది. కుంకుమ భరిణెతో వస్తున్న ఆమె మధ్యలోనే నిలబడిపోయింది.

"ఏందే గిది! గింత జల్ది తెరుసుకుంటె నేనెప్పుడు మొక్కాలె?"

అప్పటి నుంచి కొత్త ఒప్పందం చేసుకున్నాం. నేను బటన్ మీద వేలు పెట్టి ఆగాలి. ఆమె తడి వేలితో మూత మీద ఒక్కటంటే ఒక్క బొట్టు పెడుతుంది, అక్షింతలు లేవు, పొడి రాలకూడదు. తర్వాత "ఇగ ఒత్తు బిడ్డా" అంటుంది. అప్పుడు నొక్కాలి. ఆమె గదిలోంచి నడిచి రావడానికి పట్టే సమయం రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది. నేను వేలు తీయకుండా కూర్చునేదాన్ని. నెమ్మదితనం మిషన్ నుంచి ఆమెలోకి వెళ్ళిందా అనిపించి భయమేసేది. పైకి మాత్రం, నిదానంగా రా అత్తా, తొందరేముంది అనేదాన్ని. లోపల తొందరతో చచ్చిపోతుండేదాన్ని.

ఆ తర్వాత తెర ఎక్కడా ఆగలేదు. పరీక్ష నెగ్గాను. ఇంటర్వ్యూ నెగ్గాను. ఆఫర్ వచ్చింది. అందులో జీతం కంటే ముందు బీమా చూశాను. అత్తమామలు ఉన్నారు. ఉన్న జబ్బుకి కూడా చేరిన రోజు నుంచే వర్తిస్తుంది. చదివి వినిపిస్తే ఆమె రెండు చేతులతో నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. డాక్టరుగారితో మాట్లాడి, నేను చేరిన వారంలోనే ఆపరేషన్ పెట్టుకున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్ళే సంచి తనే సర్దుకుంది. రెండు చీరలు, దువ్వెన, కొబ్బరి నూనె సీసా. ఆ సంచి ఇంకా తలుపు వెనకే ఉంది. మా ఆయన దాన్ని చూడకుండా అటు వైపు నుంచి నడుస్తున్నాడు.

సోమవారం ఇంటి నుంచే చేరాను. చేరకపోతే ఆ ఉద్యోగం ఉండదు. ఇక ఆ ఉద్యోగం ఉండి ఏం చేయాలో నాకు తెలియదు, అది వేరే సంగతి. ఆఫీసు వాళ్ళ ల్యాప్‌టాప్ ఇంకా రాలేదు, మొదటి రోజు వివరాలన్నీ మీ సొంతదానిలో నింపండి అన్నారు. సూతకం వల్ల దేవుడి గది తలుపు మూసి ఉంది. పాతదాన్ని మంచం మీద తెల్ల దుప్పటి పైన పెట్టుకుని, బటన్ మీద వేలు ఉంచి కూర్చున్నాను. ఎందుకు నొక్కడం లేదో కాసేపటికి గాని నాకే తెలియలేదు. ఇగ ఒత్తమని ఇంట్లో ఎవరూ అనలేదు. నేనే నొక్కాను.

వెంటనే తెరుచుకుంది. పేజీ మీద పేజీ వచ్చేసింది. బీమాలో ఎవరెవరిని చేరుస్తారు అని అడిగింది. భర్త, పిల్లలు, తల్లి, తండ్రి, అత్తగారు. ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క చిన్న గడి. పాత రోజుల్లోలా ఆ పేజీ నేను స్నానం చేసి వచ్చేదాకా తిరుగుతూ ఉంటే ఎంత బాగుండేది! తయారు కావడానికి కాస్త టైమైనా దొరికేది. అత్తగారు అన్న మాట పక్కన బాణం గుర్తు ఉంచి, నొక్కలేక, పక్కకు జరపలేక చాలాసేపు కూర్చుండిపోయాను.

అంతసేపు దుప్పటి మీద ఉండడంతో ల్యాప్‌టాప్ వేడెక్కింది. ఫ్యాన్ గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. పక్కనున్న సందులోంచి చిటికెడు కుంకుమ తెల్ల దుప్పటి మీద రాలింది.

సూతకం ఇంట్లో కుంకుమ ముట్టకూడదంటారు. నేను ముట్టలేదు, దులపలేదు. ఆ దుప్పటి ఇంకా అలాగే ఉంది.