కంది కట్టెల చాయ్

మా అత్తగారింట్లో పాలిచ్చే బర్రె ఉండేది, కాని చాయ్‌లో పాలు ఉండేవి కావు. డెబ్బైల మొదట్లో పెళ్ళయి, ఝరాసంగం దగ్గరి ఆ పల్లెకు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నాకీ సంగతి తెలిసింది. పితికిన పాలన్నీ మామగారు క్యానులో పోసి మొదటి బస్సుకు ఎక్కించేవారు. అవి జహీరాబాద్‌లో ఒక హోటల్‌కు పోయేవి. ఇంట్లోవాళ్ళకు మిగిలేది నల్ల చాయ్.

నేను పుట్టి పెరిగింది జహీరాబాద్ బజార్లో. మా అమ్మ పెట్టే చాయ్‌లో సగం పాలే ఉండేవి. అది తాగి పెరిగిన నాకు అత్తమ్మ గిలాస అందించింది. ఒక్క గుక్క తాగాను. కాలిన కట్టెను నాకినట్టు అనిపించింది. ఆ వంటింట్లో పొయ్యిలోకి కంది కట్టెలు తప్ప వేరేవి లేవు. మూత లేని గిన్నెలో నీళ్ళు, బెల్లం, చాయ్‌పత్తి వేసి అత్తమ్మ ఊదుగొట్టంతో ఊదుతుంటే పొగంతా ఆ గిన్నె మీదే తిరిగేది. వానాకాలం కట్టెలు తడిసినప్పుడైతే చెప్పక్కర్లేదు.

“అత్తమ్మా, జర పాలు పోస్తరా?” అని అడిగాను.

“మనమే తాగితే హోటలాయనకు ఏం పంపాలె? తాగు పిల్లా, అలవాటైతది.”

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకు అలవాటు కావాలి? ఒకరోజు అత్తమ్మ చూడకుండా గిన్నె మీద మూత పెట్టాను. చాయ్ పొంగి పొయ్యిలో పడి మంట ఆరిపోయింది. ఆమె దగ్గుకుంటూ మళ్ళీ రాజేసింది. “చాయ్‌కు మూత పెడ్తరా ఎవరన్న?” అని ఆ రోజంతా సణిగింది.

తర్వాత మా ఆయన వెంటపడి కిరసనాయిల్ స్టవ్ తెప్పించాను. దాని మీద పెట్టిన చాయ్ మామగారు ఒక గుటక వేసి కింద పెట్టేశారు.

“ఇది చాయా, ఉడుకు నీళ్ళా? రుచే లేదు.”

మా ఆయన నేనిచ్చిన గిలాస ముట్టకుండా తల్లి దగ్గరికి పోయి కూర్చున్నాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. కిరసనాయిల్ రేషన్‌లో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. కొన్నాళ్ళకు స్టవ్ అటకెక్కింది. చాయ్ మానేసి చూశాను, మధ్యాహ్నానికి తల పగిలేది. చేసేది లేక ఊపిరి బిగబట్టి తాగడం మొదలుపెట్టాను.

అది ఎప్పుడు నచ్చిందో నాకే తెలియదు. ఒక చలికాలం అందరం పత్తి ఏరడానికి పోయాం. మంచుకు చీర కుచ్చిళ్ళు తడిసి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అత్తమ్మ గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి చాయ్ కాచింది. తాగాను. తాగి, ఆలోచించకుండానే మళ్ళీ గిలాస చాపాను. ఆమె తల ఎత్తకుండానే పోసింది. నవ్వినా బాగుండేది. ఓడిపోయినట్టు అనిపించి ఆ పూటంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఆ తర్వాత పుట్టింటికి పోయినప్పుడు, “అమ్మా, నాకు పాలు తక్కువ పోయ్” అన్నాను.

“ఇప్పుడు నా చేతి చాయ్ నచ్చుతలేదా నీకు?” అంది అమ్మ. సాయంత్రం దాకా ముఖం ముడుచుకునే ఉంది. నేను పుట్టిన ఇంట్లోనే నాకు నచ్చిన చాయ్ లేకపోయింది.

ఎనభైల్లో మా ఆయనకు జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. కిరాయింట్లో దిగాం. ఎన్నాళ్ళో ఎదురుచూశాక గ్యాస్ వచ్చింది. కళ్ళు మండని వంటిల్లు చూసి సంబరపడ్డాను. కాని చాయ్ కుదరలేదు. ఎక్కువసేపు మరగబెట్టాను, బెల్లం మాడ్చాను. చేదెక్కిందే తప్ప ఆ వాసన రాలేదు. చివరికి ఊరి నుంచి కంది కట్టెల మోపు తెప్పించి పెరట్లో ఇటుకలు పేర్చాను. మంట సరిగా అంటుకునేలోపే పై అంతస్తు నుంచి ఇంటి యజమానురాలు దిగివచ్చింది.

“గ్యాస్ ఉండంగ గీ పొగేందమ్మా? మొన్ననే సున్నమేయించినం!”

నీళ్ళు పోసి ఆర్పాను.

ఆ వేసవిలో అత్తమ్మ దవాఖానలో కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. నాకు ఆశ పుట్టింది. మర్నాడు యజమానురాలు కూరగాయలకు బయలుదేరగానే పెరట్లో అన్నీ సిద్ధం చేసి పిలిచాను.

“అత్తమ్మా, మన చాయ్ పెట్టున్రి.”

ఆమె ఆ ఇటుకల వైపు వింతగా చూసింది. “గదెందుకు పిల్లా? ఇంట్ల పాలున్నయి గద. మంచిగ పాల చాయ్ పెట్టు.”

“మీకు ఆ చాయంటే పాణం కదా?”

“ఎవలన్నరు? పాలు లేక తాగినం గని, ఆ పొగ నాకెన్నడు నచ్చింది?”

“మరి ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నాకు చెప్పొద్దా?”

“చెప్తే నువ్వు తాగుదువా?” అని ఆమె లోపలికి పోయి మంచం మీద కూర్చుంది.

ఆమెకు పాల చాయ్ పెట్టిచ్చాను. ఊది ఊది ఇష్టంగా తాగి, ఇంకో గిలాస అడిగింది. నేను పెరట్లోకి వచ్చి మంట పెట్టాను. ఎండలకు కట్టెలు బాగా ఎండిపోయి భగ్గున మండాయి, పొగే రాలేదు. వచ్చిన చాయ్ గ్యాస్ మీది చాయ్‌లాగే ఉంది. ఆ కోపంలోనే గిలాసంతా తాగేసి, యజమానురాలు తిరిగి వచ్చేలోపు బూడిద ఎత్తిపోశాను.