నాయన తలుపేసుకుని ఎవరితో మాట్లాడుతున్నాడు?

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం పొద్దున నాయన బండి వెనక కోడిగుడ్ల అట్టలు కట్టుకుని ఇంటికొచ్చాడు. ఒకటీ రెండూ కాదు, నా ఎత్తు కట్ట. గుడ్డు మాత్రం ఒక్కటీ లేదు.

ప్రొద్దుటూరులో మాది మూడు గదుల ఇల్లు. వెనక గది ఖాళీగానే ఉండేది. జమ్మలమడుగు నుంచి మా మామ వచ్చినప్పుడు అందులో పడుకునేవాడు. నాయన ఆ గదిలో మంచం తీసి వసారాలో వేశాడు. అట్టలన్నీ గోడలకు అంటించాడు. జేజి, అంటే మా నాయనమ్మ, కుట్టిన బొంతలు రెండు కిటికీకి మేకులు కొట్టి వేలాడదీశాడు.

"ఏంది ఇదంతా?" అంది అమ్మ.

"పాటలు రికార్డు చేసేదానికి. బయట సద్దు లోపలికి రాకూడదు" అన్నాడు. అంతే.

నాయన పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాడు. డీజే పెట్టెలు వచ్చాక పాటకచేరీకి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఇంట్లోనే స్టూడియో పెట్టుకుంటున్నాడు కాబోలు అనుకున్నాం. అప్పటికి మాకు ఏ అనుమానమూ లేదు...

రోజూ మధ్యాహ్నం అన్నం తిని ఆ గదిలోకి పోయి గడియ పెట్టుకునేవాడు. స్టూడియో అంటే సంగీతం వినపడాలి కదా... ఒక్క ముక్క వినపడేది కాదు. తలుపుకు చెవి ఆనిస్తే నాయన గొంతు ఒక్కటే. అదీ తునకలు తునకలుగా. కాసేపు మాట... కాసేపు నిశ్శబ్దం... అచ్చం ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు.

"మీరు రాకుంటే నాకేం తోచదండీ..."

నిశ్శబ్దం.

"ఎక్కడున్నారండీ..."

 మా నాయన 'ఎక్కడ' అనడు, 'యాడ' అంటాడు. అమ్మను ఏనాడూ 'అండీ' అన్నది లేదు. అంత మెత్తటి గొంతు ఆయనకు ఉందని కూడా నాకు తెలీదు.

మూడు రోజులు నాలోనే దాచుకున్నాను. నాలుగో రోజు అమ్మకు చెప్పేశాను. చేటలో బియ్యం చెరుగుతోంది... చెయ్యి ఆగలేదు.

"నేనూ విన్యా" అంది.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. అమ్మ చొక్కా జేబులు వెతికేది. నాయన స్నానానికి పోతే ఆయన ఫోన్ తెచ్చి నా చేత చదివించేది. అందులో 'విజయవాడ' అని ఒక నంబరు... మనిషి పేరు లేదు, ఊరు పేరే. దాదాపు రోజూ దానికి ఫోన్లు.

"పేరు రాసుకోకుండా ఊరు రాసుకున్యాడంటే ఏంటికి?" అంది అమ్మ. అయిదో తరగతి చదివిన నాకేం తెలుస్తుంది... కానీ ఆ వారమంతా నాయన పక్కన పడుకోలేదు. ఆయన చాక్లెట్ తెచ్చిస్తే అది కూడా ఎందుకు తెచ్చాడా అని చూశాను.

చివరికి అమ్మ మామకు కబురు చేసింది. మరుసటి రోజు మధ్యాహ్నానికి బస్సు దిగి వచ్చాడు. వసారాలో తన మంచాన్ని చూసి అప్పుడే మొహం ముడుచుకున్నాడు. అమ్మ సంచిలో తన చీరలు, నా గౌన్లు సర్దింది.

"యాడికి మా?" అన్నాను.

"గమ్మునుండు."

మామ తలుపు తట్టాడు. "బావా" అని పిలిచాడు. పలకలేదు. లోపల నుంచి మాత్రం "మీ కోసమే చూస్తున్నానండీ" అని వినపడుతూనే ఉంది. మామ భుజంతో గట్టిగా ఒక్క తోపు తోశాడు. గడియ ఊడి కింద పడింది.

ఫ్యాన్ కూడా లేదు లోపల. ఆ ఉక్కలో నాయన బనియన్ తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, ఎదురుగా మైకు. ఉలిక్కిపడి లేచాడు.

"లోపల ఎవురుండారు బావా?" అన్నాడు మామ.

"ఎవురుంటారప్పా... నేనే."

"మరి ఎవురితో మాట్లాడతాండావు?" అంది అమ్మ.

నాయన హెడ్‌ఫోన్లు తీసి అమ్మ చెవులకు పెట్టి, కంప్యూటర్లో ఏదో నొక్కాడు. అమ్మ బిగుసుకుని నిలబడింది. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. తరువాత నాకు పెట్టింది... కీబోర్డు, తబలా, వేణువు. నాయన ఆగిన చోటల్లా వాయిద్యాలు. సంగీతమంతా ఆ చెవుల్లోనే ఉండిపోయింది. మాకు బయటికి వినపడింది ఉత్త మాటలే.

"పాటే గదా. దాన్ని దొంగ మాదిరి ఏంటికి పాడతావు?" అంది అమ్మ.

నాయన తల దించుకున్నాడు.

"విజయవాడలో పాటలు తీసేటాయనకు పంపించినా. ట్యూన్ శానా బాగుంది గానీ నీ మాట మోటుగా ఉంది, మావాళ్లు నవ్వుతారు అన్యాడు. మార్చుకుందామని, ముందు రాగం తీయకుండా మాటలు పలికి చూసుకుంటాండా... మీ ముందర అట్ల మాట్లాడాలంటే సిగ్గైతాంది."

మైకు కింద కాగితం. 'యాడుండావు' కొట్టేసి పైన 'ఎక్కడున్నారండీ'... ప్రతి లైనూ అంతే. రెండేసి సార్లు కొట్టేసినవీ ఉన్నాయి.

 అమ్మ పోయి సంచిలో చీరలు తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది. మామ ఆ సాయంత్రం కొత్త గడియ తెచ్చి తనే బిగించి, వసారాలో పడుకున్నాడు.

కొన్నాళ్లకు పాట వచ్చింది. ట్యూన్ నాయనదే. గొంతు వేరెవరిదో. ఫోన్లో ఒకసారి విని, "బాగా పాడినాడు" అన్నాడు. ఆ తరువాత ఆ గదిలో ఎన్నో పాటలకు సంగీతం కట్టాడు కానీ, మైకు ముందు తను మాత్రం కూర్చోలేదు. తలుపు దగ్గర చెవి పెట్టిన పాపం నాది కూడా అనిపిస్తుంది... ఆ రోజు అలా పట్టుబడకపోయి ఉంటే ఇంకొన్నాళ్లు పాడేవాడేమో.

ఇప్పుడు కాలం తిరగబడింది. మన యాసలో పాడితే యూట్యూబ్‌లో ఎగబడి చూస్తున్నారు. పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, "సార్, అచ్చమైన సీమ మాటలో మీరే పాడాలి" అన్నాడు. నాయన ఫోన్ పక్కకు పెట్టి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు...

"పాపా, వీడు నిజంగానే అడుగుతాండాడా? ఎగతాళి చేస్తాండాడేమో కనుక్కో."

ఇంకా ఒప్పుకోలేదు. రోజూ అడుగుతున్నాను...

మీ ఇంట్లో కూడా ఇలా తలుపేసుకుని తమ మాటను తామే కొట్టేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి. మా నాయనకు చదివి వినిపిస్తాను.