పైడమ్మ దాచుకున్న చీటీ

2023. సీతారాండేరాలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌గా నాకది పంతొమ్మిదో ఏడు. రోగి మూత్రంలోని క్రిములను పళ్లెంలో పెంచి, ఏ మందుకు చస్తాయో చూడటం నా పని. పర్సుడీహ్‌లో మా వీధిలోనే ఉండే పైడమ్మ కోళ్లను పెంచేది. ఇద్దరం పెంపకందార్లమే. ఆమెవి వీధంతా తిరిగేవి, నావి మూత కింద ఉండేవి. మందూ మాకూ ఎరగని నాటుకోళ్లని ఆ హిందీ ఊళ్లో తెలుగువాళ్లమంతా ఆమె దగ్గరే గుడ్లు కొనేవాళ్లం.

ఆ వానాకాలం పైడమ్మకు మూత్రంలో మంట, ఆపైన చలిజ్వరం. ఆసుపత్రిలో చేర్చారు. ఆమె మూత్రం కల్చర్ పరీక్షకు నా చేతికే వచ్చింది. పెరిగింది ఈ.కోలై అనే క్రిమి. పళ్లెంలో మందు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆమె పళ్లెంలో క్రిములు దాదాపు ప్రతి బిళ్లనూ ఆనుకుని పెరిగాయి. రిపోర్టు నిండా ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్, అంటే మందుకు లొంగదని. చదువుతుంటే ఆర్తనాదంలా ఉంది. పనిచేసేది ఒక్క ఇంజెక్షనే మిగిలింది.

వార్డుకు వెళ్లాను. "ఇంతకుముందు ఏం మందులు వాడావు పైడమ్మా?"

"నాకేటి మందులు బాబూ? మందులన్నీ కోళ్లకే."

"కోళ్లకా?"

"ఏటి డాట్రుబాబూ, మర్సిపోనావా? తెల్లపారుడొచ్చి కోళ్లు సచ్చిపోతంటే నువ్వే కదా రాసిచ్చినావు!"

తలగడ కింది సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల నా చేతిరాత, నాలుగేళ్ల కిందటిది. కోళ్ల విరేచనాలకు వేసే యాంటీబయాటిక్ పేరుంది, ఎన్ని రోజులు వేయాలో లేదు.

"ఆదివారం ఆదివారం నూకల్లో కలిపి ఏసేత్తన్నాను. జబ్బు రాకముందే! ఒక్కటీ సావలేదు. నీ సేతి సలవ."

నేను డాక్టరును కాను, పశువైద్యుణ్ని అసలే కాను. మా వీధిలో తెల్లకోటు వేసుకున్నవాడల్లా డాట్రుబాబే. పిలుపు తియ్యగా ఉంది కదా అని దిద్దలేదు.

అలా వారం వారం కొంచెం కొంచెంగా తగిలే మందుకు క్రిములు మొండికేస్తాయి. ఆమె కోళ్ల రెట్ట తెచ్చి కల్చర్ పెట్టాను. అదే ఈ.కోలై, అదే వరసలో ఆర్‌లు. క్రిమి కోళ్ల నుంచే ఆమెకు వచ్చిందని ఆ పరీక్ష రుజువు చేయదు. ఆ 'చేయదు' వెనక దాక్కుందామని చూశాను. చోటు చాల్లేదు.

ఇంజెక్షన్ మొదలయ్యేసరికే క్రిమి రక్తంలోకి పాకింది. కొడుకు అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అంకుల్, దూసరా దవా లిఖ్ దీజియే నా, ఇంకో మందు! మీరు రాత్తే తగ్గిపోద్దంతంది అమ్మ."

ఆరో రోజు పైడమ్మ పోయింది.

దినాలయ్యాక అప్పన్న అదే చీటీతో వచ్చాడు. కోళ్లు నలతగా ఉన్నాయట, అక్షరాలు వెలిసిపోతున్నాయట, మళ్లీ రాసివ్వాలట. చీటీ తీసుకుని చింపేశాను. "నేను డాక్టరును కాను నాయనా. ఆ మందు కోళ్లకు ఇక వేయొద్దు" అన్నాను. నాలుగేళ్ల కిందటే అనాల్సిన మాట అదని పంతొమ్మిదేళ్ల ఉద్యోగం నేర్పలేదు, ఈ కేసు నేర్పింది.

అప్పన్న చీటీ ముక్కల వంక చూశాడు. నొచ్చుకోలేదు.

"కోయీ బాత్ నహీ అంకుల్," అన్నాడు. "మందు పేరు నాకు యాద్ హై."